నాలుగు స్క్రూల మీద ఎరుపు

“ఈ వానకి గొడుగు ఆగుతుందంటారా?” అని అడిగాడు పంపుల సేల్స్‌మన్.

బయట ఎండ మండిపోతోంది. ఆ కోడ్ రాసినవాడు కిటికీలోంచి బయటికి చూసే రకం కాదు. దానికి జవాబుగా “ఆగదు, అందుకే తెచ్చుకోలేదు” అనాలి. కాంటీన్ లైన్లో ముందు నిలబడ్డ రేడియో ఇంజనీరు వెనక్కి తిరిగి “ఆగదు” అన్నాడు. మిగతా సగం అనబోతుంటే ఆయాసం అడ్డొచ్చింది. జేబులోంచి ఇన్‌హేలర్ తీసి నోట్లో పెట్టుకుని గట్టిగా ఒక పీల్పు పీల్చాడు. చేతిలోని ట్రే కంటే ముందు మనిషే నేలమీద పడ్డాడు.

జనం మూగారు. ఒకరు గాలి రానివ్వమన్నారు, ఒకరు నీళ్ళు తెమ్మన్నారు. సేల్స్‌మన్ మోకాళ్ళ మీద కూర్చుని నాడి పట్టుకున్నాడు. ఏమీ తగల్లేదు. ఇన్‌హేలర్ మూతి దగ్గర ముక్కు పెట్టి చటుక్కున తల తిప్పుకున్నాడు. అది మందు వాసన కాదు. ఎవరి కంటా పడకుండా దాన్ని రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాడు. కళ్ళెదుట హత్య జరిగిపోయింది. హంతకుడు ఆ దరిదాపుల్లో ఉండాల్సిన అవసరం కూడా లేకుండా పని కానిచ్చుకున్నాడు.

ఆ సేల్స్‌మన్ ఎన్నడూ ఎవరికీ ఒక్క పంపు అమ్మిన పాపాన పోలేదు. డిపార్ట్‌మెంట్లో అతన్ని ‘జలగ’ అంటారు. మొదటి కేసులోనే పారిపోతున్న లారీ వెనక వేలాడుతూ సరిహద్దు చెక్‌పోస్టు దాకా వెళ్ళాడట. పట్టుకుంటే వదలడని ఆ పేరు పెట్టారు. సీక్రెట్ ఏజెంట్ అంటే జనం ఊహించుకునే సూటూ బూటూ అతనికి లేవు. ఉన్నది ఒక బ్రీఫ్‌కేసు, అందులో పంపుల బొమ్మల పుస్తకం, నలిగిపోయిన చొక్కా మాత్రమే.

డిపార్ట్‌మెంట్ ఆఫీసు ఒక టైప్‌రైటర్ రిపేరు షాపు మీద ఉండేది. ఆ మధ్యాహ్నమే చీఫ్ తలుపు గడియ వేసి, కింద టైప్‌రైటర్లు టకటకలాడుతుంటే గొంతు తగ్గించి కేసు వివరించాడు. పొరుగు దేశపు ముఠా ఒకటి దేశంలోకి దిగింది. వాళ్ళ ఆపరేషన్ పేరు ‘మూగ’. దేశం తన మొట్టమొదటి శాటిలైట్‌ను తయారు చేసుకుంది కదా, దాన్ని పేల్చాలనీ రాకెట్‌ను కూల్చాలనీ వాళ్ళకేమీ లేదు. అలా చేస్తే జనానికి కోపం వస్తుంది, కోపంలో మళ్ళీ ఇంకోటి కడతారు. అది క్షేమంగా పైకెళ్ళాలి, వెళ్ళాక నోరు మెదపకూడదు. అప్పుడు జనానికి కోపం రాదు, నవ్వొస్తుంది. నవ్వులపాలైన ప్రోగ్రామ్‌కు ఏ ప్రభుత్వమూ ఇంకో పైసా ఇవ్వదు. ఆ మీదట కావాల్సినవన్నీ పొరుగు దేశపు కంపెనీ దగ్గర కొనుక్కోవడమే. చచ్చిపోయిన రేడియో ఇంజనీరు ఆ ఉదయమే ఫోన్ చేసి, తన ట్రాన్స్‌మిటర్ ప్యానెల్ గురించి ఒక మాట చెప్పాలనీ, ఫోన్లో చెప్పేది కాదనీ అన్నాడు.

“రెండోది లేదా సార్?” అని అడిగాడు జలగ.

“రెండో శాటిలైటా? మొదటిదానికే చందాలు పోగేసినట్టు పోగేశారు. ఉన్నది ఒక్కటే.”

ఆ మాట అని చీఫ్ టేబుల్ మీద ఒక ఫొటో పెట్టాడు. ఫ్యాన్సీ షాపు మెట్లు దిగుతున్న ఒక నడివయసు ఆడమనిషి. నూలు చీర, భుజాన గుడ్డ సంచీ, కళ్ళద్దాలు. జలగ ఆ ఫొటోను వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకి తిప్పాడు. ఆమె శాటిలైట్ ప్రాజెక్టుకు పెద్ద. అతనికి అక్క.

వివరాలు చీఫే చెప్పాడు. ఆ ఫ్యాన్సీ షాపు ముఠావాళ్ళ పోస్టాఫీసు అని నమ్మకమైన చోటు నుంచి ఉప్పందింది. ఆమె వారం వారం అక్కడికి వెళ్ళి ఒకే ఒక్క వస్తువు కొంటుంది, ఎర్ర గోళ్ళరంగు సీసా. ఆమె వేళ్ళకు ఏనాడూ రంగు లేదు. పారేసిన సీసాలు తీసి చూస్తే కుంచె వెంట్రుకలన్నీ కత్తిరించేసి మూడో నాలుగో మిగిల్చి ఉన్నాయి. సన్నటి అక్షరాలు రాయడానికి తప్ప అంత సన్నటి కుంచె ఎందుకని డిపార్ట్‌మెంట్ నిపుణులు తేల్చారు.

“నాకెందుకు సార్ ఈ కేసు? వేరేవాళ్ళకి ఇవ్వండి.”

“వేరేవాడైతే ఈపాటికి అరెస్టు చేసేవాడు. దేశద్రోహం, దాని మీద హత్య. ఉరి పడకపోతే జీవితాంతం జైలే. రాకెట్ ఎగిరేలోపు ఆమె నిర్దోషి అని నువ్వు చూపించు. చూపించలేకపోతే ఆమెని నువ్వే తీసుకురా.” చీఫ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “ఇంతకంటే మంచి మాట నా దగ్గర లేదయ్యా.”

ఆ అక్క మామూలు అక్క కాదు. తల్లీతండ్రీ బస్సు ప్రమాదంలో పోయేనాటికి వీడికి పాలపళ్ళు కూడా ఊడలేదు. ఆమె పొద్దున కాలేజీకి వెళ్ళి, సాయంత్రం నలుగురు పిల్లలకు లెక్కలు చెప్పి, ఆ వచ్చినదానితో తమ్ముణ్ణి పెంచింది. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే, చిన్నాడు చేతికందాక చూద్దాం అనేది. చిన్నాడు చేతికందాడు, డిపార్ట్‌మెంట్ చేతికి. ఆమెకు మాత్రం మోటారు పంపులు అమ్ముతున్నానని చెప్పాడు. ఇంత చదివించింది పంపులకా అని ఆమె ఒకసారి నిట్టూర్చి, మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. ఆమెకు చెప్పిన అబద్ధాల్లో అదే మొదటిది, దాని మీదే మిగతావన్నీ కట్టుకుంటూ వచ్చాడు.

అలా తమ్ముడు అక్క ఇంటి ఎదుట వ్యాన్లో కాపురం పెట్టాడు. వ్యాన్ మీద సోఫాలు బాగుచేయబడును అని రాసి ఉంది. అక్క ఇంట్లో దీపం స్టాండులో మైకు పెట్టించాడు. అక్క ఆఫీసు నుంచి వచ్చి గిన్నెలు కడుక్కోవడం, రేడియోలో వార్తలు వినడం, కాసేపు కూనిరాగం తీయడం, మోకాలు నొప్పికి మూలగడం అన్నీ విన్నాడు. ఏ గూఢచారీ రాలేదు, ఏ సంకేతమూ వెళ్ళలేదు. ఒకసారి టెలిఫోన్ దగ్గర కూర్చుని తమ్ముడి నంబరు తిప్పింది. ఆ నంబరు మోగేది వంద మైళ్ళ అవతల ఖాళీ గదిలో. అక్క చాలాసేపు మోగనిచ్చి పెట్టేసింది. వ్యాన్లో కూర్చున్నవాడు చెవుల్లోంచి హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుని, చేతకానివాడిలా ఏడ్చాడు.

ఫ్యాన్సీ షాపు సంగతి ఉప్పందించింది ఒక దుబాసీ. పరాయి దేశాల నుంచి ప్రయోగం చూడడానికి వచ్చిన పరిశీలకులకు మాటలు మార్చి చెప్పే అమ్మాయి. హోటల్ మెట్లు ఆమె దిగుతుంటే లిఫ్ట్ దగ్గర నిలబడ్డవాళ్ళు లిఫ్ట్ ఎక్కడం మర్చిపోయేవారు. ముఠాకు పనిచేస్తూనే వాళ్ళ గుట్టు డిపార్ట్‌మెంట్‌కు చేరవేస్తుంది. డబుల్ ఏజెంట్ అన్నమాట. జలగ ఆమెను హోటల్ లాంజ్‌లో రెండుసార్లు కలిశాడు. అక్క పేరు చెప్పేటప్పుడు ఆమె కళ్ళు తడయ్యాయి. ఇంత మంచి మనసున్నది అబద్ధం ఎందుకు చెబుతుందని అతని మనసు కుంగిపోయింది. ఏజెంట్లు కూడా మగవాళ్ళే కదా.

ల్యాబ్‌లో డిపార్ట్‌మెంట్ కోరిక మీద అతనికి దారి చూపించినవాడు క్వాలిటీ ఆఫీసర్. శాటిలైట్‌లో ప్రతి మేకూ ప్రతి తీగా రూల్ ప్రకారం ఉందో లేదో చూసే పెద్దమనిషి. అందరూ అతన్ని చాటుగా ‘రూళ్ళకర్ర’ అంటారు. గాజు గోడ ఇవతల నిలబెట్టి క్లీన్ రూమ్ చూపించాడు. దుమ్ము కణం కూడా దూరని ఆ గదిలో, నఖశిఖ పర్యంతం తెల్ల సూట్లలో, కళ్ళు మాత్రమే కనిపించే ముగ్గురు మనుషులు పెద్ద డ్రమ్మంత శాటిలైట్ చుట్టూ తిరుగుతున్నారు. అందులో ఒకామె కాస్త కుంటుతోంది. మోకాలు నొప్పి. మేడమ్ చాలా గొప్ప మనిషి, ఆమె మీద అనుమానం రావడం నాకే నమ్మశక్యంగా లేదు అని రూళ్ళకర్ర మెల్లగా అన్నాడు. అతని మాటలో నిజమైన బాధే వినిపించింది.

రోజులు కరిగిపోయాయి. జలగ తన అక్క నిర్దోషి అని చూపించే ఆధారం ఒక్కటీ సంపాదించలేకపోయాడు. ఆమె దోషి అనే ఆధారమూ కొత్తగా ఏదీ దొరకలేదు. కానీ డిపార్ట్‌మెంట్‌కు పాతవే సరిపోయాయి. ప్రయోగం రోజు పొద్దున, శాటిలైట్ రాకెట్ కొసన కూర్చుని ఉండగా, తన పనివాళ్ళందరి ఎదుటా ఆమెను అరెస్టు చేశారు. పనివాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు గానీ ఎవరూ నోరు విప్పలేదు. ఆమె కూడా ఎందుకని అడగలేదు.

ప్రయోగ కేంద్రంలోనే పాత స్టోరు గది ఒకటి ఖాళీ చేసి ఆమెను కూర్చోబెట్టారు. ఇద్దరు ఆఫీసర్లు పొద్దుటి నుంచి అడిగినదే అడిగారు. గోళ్ళరంగు ఎందుకు కొన్నావు? జవాబు లేదు. ఎవరికిచ్చావు? జవాబు లేదు. గోడ మీద స్పీకర్లో కౌంట్‌డౌన్ సాగుతోంది. చివరికి చీఫ్ జలగ భుజం మీద చెయ్యి వేసి తలుపు చూపించాడు.

తమ్ముడు లోపలికి వెళ్ళాడు. అక్క తలెత్తింది. నలిగిన చొక్కా, మెడలో డిపార్ట్‌మెంట్ పాస్, చేతిలో ఆమె సంచీలోంచి తీసిన గోళ్ళరంగు సీసా. ఆమె వాటిని వరసగా చూసింది. ఆమె లెక్కల మనిషి, ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

“నీ పంపుల కంపెనీ ఇదా?” అంది.

అతను కుర్చీ లాక్కుని కూర్చుని, అక్కా, నిజం చెప్పకపోతే నిన్ను నేనే పోలీసు జీపు ఎక్కించాలి అన్నాడు. నీకేమన్నా అయితే నేను బతకలేను అన్నాడు. అది ట్రెయినింగ్‌లో నేర్పిన మాట కాదు. ఆమె అతని మొహంలోకి చూసి, స్పీకర్ వైపు ఒకసారి చూసి, ఎగిరేదాకా ఎవరికీ చెప్పనని మాటివ్వమంది. ఇచ్చాడు.

“ఆ రంగు శాటిలైట్ మీద ఉందిరా చిన్నా.”

తర్వాత అంతా చెప్పింది. ప్యానెల్ మూసి స్క్రూ బిగించాక, స్క్రూ తల మీద నుంచి ప్యానెల్ మీదికి ఒక సన్నటి ఎర్ర గీత గీస్తారు. స్క్రూ ఏ కాస్త కదిలినా, ఎవరైనా విప్పినా గీత విరుగుతుంది. దానికి దిగుమతి చేసిన సీల్ పెయింట్ వాడాలని రూల్. ఆ పెయింట్ రూళ్ళకర్ర బీరువాలో తాళం వేసి ఉంటుంది. బొట్టు కావాలన్నా ముగ్గురి సంతకాలు తేవాలి, తెచ్చేసరికి టెస్టు టైము దాటిపోతుంది. మొదట ఇచ్చిన సీసా ఏనాడో ఎండిపోయింది. దాంతో వీళ్ళు ఆ సీసాలోనే బజారు గోళ్ళరంగు పోసుకుని కానిచ్చేశారు. టెస్టు చేసిన ప్రతిసారీ విప్పడం, మళ్ళీ గీయడం. గోళ్ళరంగు కూడా తెరిచిన నాలుగు రోజులకే చిక్కబడిపోతుంది, అందుకే వారానికో సీసా. అంతరిక్షంలో అది పాడవుతుందేమోనని ఆమె స్వయంగా గాలి తీసేసిన డబ్బాలో పెట్టి పరీక్షించింది, బాగానే ఉంది. కానీ రూల్ రూలే. ఈ సంగతి పొక్కితే అనుమతి లేని పదార్థం వాడారని ప్రయోగం ఆపేస్తారు. ఇప్పటికే ఇదెందుకు దండగ అంటున్న ప్రభుత్వం ఆపినదాన్ని మళ్ళీ మొదలుపెట్టదు. తను జైలుకెళ్తే పోయేది ఒక్క మనిషే.

“ఇది ఎవరెవరికి తెలుసు?”

“గదిలో పనిచేసే మా నలుగురికి. పోయిన మా రేడియో ఆయన ఒకడు. రూళ్ళకర్రకి తెలిస్తే ఇంకేమన్నా ఉందా, ఆయన కంట పడకుండా దాచడానికే మా తల ప్రాణం తోకకి వచ్చేది.”

జలగ కుర్చీలోంచి లేచాడు. రేడియో ఇంజనీరు తన ప్యానెల్ సంగతి ఫోన్లో ఎందుకు చెప్పలేకపోయాడో ఇప్పుడు అర్థమైంది. బయట చీఫ్ టేబుల్ మీద క్లీన్ రూమ్ చివరి ఫొటోలు ఉన్నాయి. శాటిలైట్‌ను టవర్‌కు తరలించే ముందు ప్రతి ప్యానెల్‌నూ రంగుల్లో దగ్గరగా తీసిన ఫొటోలు అవి. తెచ్చి అక్క ముందు పరిచాడు. ఆమె కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి ఒక్కొక్కటీ చూసింది. అన్నింటి మీదా సన్నటి ఎర్ర గీతలు, ఫ్లాష్ వెలుగుకు లోపల చిన్న మెరుపు రజను. బజారులో చవకరకం కదా, తళుకు లేనిదే అమ్ముడుపోదు. ట్రాన్స్‌మిటర్ ప్యానెల్ ఫొటో దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. నాలుగు స్క్రూలు, నాలుగు ఎర్ర గీతలు. చక్కగా, ఒకే మందంగా, రూల్‌లో రాసినట్టే ఉన్నాయి. తళుకు లేదు.

“ఇది మాది కాదు,” అంది.

నిజమైన సీల్ పెయింట్ దేశం మొత్తం మీద ఒక్క బీరువాలోనే ఉంది. ఆ బీరువా తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంది. రేడియో టెస్టులు అయ్యాక తనిఖీ పేరుతో శాటిలైట్‌తో ఒంటరిగా గడిపినవాడూ అతనే. దొంగపనిని కూడా రూల్ ప్రకారం చేసి దొరికిపోయాడు. రేడియో ఇంజనీరు కనిపెట్టిందీ ఈ గీతల్నే.

ఇక దాచి లాభం లేదని అక్కే చెప్పిన విషయం వింటూనే చీఫ్ ఫోన్ తీసి, మళ్ళీ పెట్టేశాడు. కౌంట్‌డౌన్ ఆపాలంటే క్వాలిటీ ఆఫీసర్ సంతకం ఉండాలి. క్వాలిటీ ఆఫీసర్ టవర్ పైన ఉన్నాడు, రాకెట్ తలుపు మూసే ఆఖరి పని మీద. పైవాళ్ళకు చెబుదామంటే, శాటిలైట్ మీద గోళ్ళరంగు అని మొదలుపెట్టగానే కౌంట్‌డౌన్‌తో పాటు ప్రోగ్రామ్ కూడా ఆగిపోతుంది. చెప్పకపోతే శాటిలైట్ మూగదవుతుంది. ఎటు చూసినా ముఠాయే గెలుస్తోంది.

“ఆపకుండానే తీసేయాలి,” అంది అక్క. “నేను వెళ్తాను.”

చీఫ్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఖైదీ ఎప్పుడు తప్పించుకుందో తను చూడలేదని రేపు ప్రమాణం చేసి చెప్పాలి మరి.

రెండు తెల్ల సూట్లు జీపులో టవర్ దగ్గరికి చేరాయి. అప్పటికే జనాన్ని ఖాళీ చేయిస్తున్నారు. లిఫ్ట్ దగ్గర ఇంకో తెల్ల సూటు నిలబడి ఉంది. ఆ బస్తాలో కూడా ఆమె నాజూగ్గానే ఉంది, అదేం విద్యో గానీ. చేతిలో లిప్‌స్టిక్. దాని మూత తీసి ఉంది, లోపల ఎరుపు లేదు, సన్నటి తుపాకీ గొట్టం ఉంది.

“పంపులవారు పైకి వెళ్ళకూడదు,” అంది దుబాసీ.

షాపు సంగతి అబద్ధమేనా అని అడిగాడు జలగ. అది ముఠా పోస్టాఫీసు ఎంతమాత్రం కాదనీ, ఎవరి మీదికైనా అనుమానం మళ్ళించాల్సి వచ్చినప్పుడు వారం వారం గోళ్ళరంగు కొనే ఈ పెద్దావిడ కళ్ళబడిందనీ ఆమె ఏమీ దాచకుండా చెప్పింది. తను రెండు వైపులా జీతం తీసుకునే మాట వాస్తవమే, ఈరోజు మాత్రం అవతలివైపు డ్యూటీ అంది. జలగ మత్తు గ్యాస్ చిమ్మే పెన్ను తీసి ఆమె మొహం మీదికి నొక్కాడు. డిపార్ట్‌మెంట్ వస్తువు కదా, అతని తెల్ల సూటు మీదే రెండు చుక్కల ఇంకు కక్కి ఊరుకుంది. దుబాసీ నవ్వింది. నవ్వుతూ లిప్‌స్టిక్ ఎత్తుతుండగా, ఆమె లెక్కలోకి తీసుకోని రెండో తెల్ల సూటు వెనక నుంచి టూల్‌బాక్సుతో తల మీద ఒక్కటిచ్చింది.

“మనసు మంచిదేనా ఈ అమ్మాయిది?” అని అడిగింది అక్క. తమ్ముడు లిఫ్ట్ బటన్ నొక్కాడు.

పై అంతస్తులో గాలి హోరుమంటోంది. రాకెట్ ముక్కులో మనిషి భుజాలు పట్టేంత తలుపు ఒకటి తెరిచి ఉంది. రూళ్ళకర్ర దాన్ని మూయడానికి చెయ్యి వేస్తున్నాడు. వీళ్ళను చూసి, ఈ దశలో పైన ఒక్కరే ఉండాలని రూల్ గుర్తు చేశాడు. అక్క మాస్కు కిందికి లాగింది.

“ట్రాన్స్‌మిటర్ ప్యానెల్ మీరు విప్పారు.”

“ఆధారం?” అన్నాడతను. బెదరలేదు. “సీల్ చెక్కుచెదరకుండా ఉంది. మీరు వాడిన పెయింటే, మీరు గీసిన మందంలోనే.”

“మేము ఆ పెయింట్ వాడలేదు. అన్నీ గోళ్ళరంగే. మీరొక్కరే రూల్ పాటించారు.”

రూళ్ళకర్ర మొహంలో దొరికిపోయానన్న భయం కనిపిస్తుందని జలగ అనుకున్నాడు. కనిపించింది అసహ్యం. దేశాన్ని అమ్మేసినవాడు, తోటివాడి ఇన్‌హేలర్లో విషం నింపినవాడు, శాటిలైట్ మీద గోళ్ళరంగు అనేసరికి నిజంగా నొచ్చుకున్నాడు. ఈ దేశం ఇంతే, ఇలాంటివాళ్ళకు ఇవన్నీ ఎందుకని అవతలివాళ్ళు చెప్పింది అక్షరాలా నిజమని అన్నాడు. అంటూనే తలుపు ధడాలున మూయబోయాడు. జలగ అతని నడుము పట్టుకున్నాడు. ఆ పెద్దమనిషి మోచేత్తో పళ్ళు రాలగొట్టాడు, మెట్ల కమ్మీకేసి బాదాడు, కింద పడేసి తొక్కాడు. జలగ చేతులు మాత్రం వీడలేదు.

అక్క తలుపులోకి సగం దూరింది. గాలిలో ఆమె మాటలు తునకలుగా వినిపిస్తున్నాయి, తనకు తానే ఒక్కో పని చదువుకుంటూ చేసుకుపోతోంది. ఒకటో స్క్రూ. రెండో స్క్రూ. స్పీకర్ టవర్ ఖాళీ చేయమని అరుస్తోంది. ప్యానెల్ తెరుచుకుంది. బ్యాటరీ నుంచి ట్రాన్స్‌మిటర్‌కు వెళ్ళే తీగ మీద చక్కెర బిళ్ళంత నల్లటి ముక్క అతికించి ఉంది. కక్ష్యలో స్విచ్ పడగానే అది కాలిపోయి రేడియోను కూడా కాల్చేస్తుంది. కత్తెరతో దాని రెండు కాళ్ళూ తుంచి బయటికి విసిరింది. ప్యానెల్ మూసింది, నాలుగు స్క్రూలూ బిగించింది. ఇక వాటి మీద గీతలు గీయాలి.

“చిన్నా, రంగు!”

ఆధారంగా సీలు వేయాల్సిన సీసా జలగ జేబులోనే ఉంది. ఒక చేత్తో రూళ్ళకర్ర గొంతు అదిమి, రెండో చేత్తో సీసా అందించాడు. ఆమె నాలుగు గీతలు గీసి, ఊది, తలుపు మూసి గడియ తిప్పింది. లిఫ్ట్ కిందికి చేరేసరికి కౌంట్‌డౌన్ ఆఖరి నిమిషాల్లోకి దిగింది. దుబాసీని కూడా జీపులో వేసుకొచ్చి, అందరూ కాంక్రీటు గోడ వెనక బోర్లా పడ్డాక, నేల అదిరి, ఆకాశం అంతా తెల్లటి పొగ నిండింది. అక్క మాత్రం తలెత్తి చూడలేదు. మోకాలు పట్టుకుని, పైకి వెళ్ళడం ఎలాగూ వెళ్తుంది, మాట్లాడుతుందా లేదా అదే అంది.

అది తేలడానికి సాయంత్రమైంది. శాటిలైట్ భూమిని చుట్టి మళ్ళీ నెత్తిమీదికి వచ్చినప్పుడు గానీ దాని గొంతు వినపడదు. అరెస్టు చేసినప్పుడే అక్క పాస్ రద్దయింది, దాన్ని మళ్ళీ ఇచ్చే అధికారం ఎవరికుందో ఎవరికీ తెలియలేదు. ట్రాకింగ్ రూమ్ బయట వరండాలో బెంచీ మీద కూర్చుంది. తమ్ముడు బెంచీ రెండో కొసన కూర్చున్నాడు. పెదవి చిట్లి, రెండు పళ్ళు ఊడి ఉన్నాయి.

చీఫ్ వచ్చి కబుర్లు చెప్పాడు. రూళ్ళకర్ర అడిగిందానికల్లా వరస తప్పకుండా జవాబు చెబుతున్నాడు. ముఠా మొత్తం దొరికింది. దుబాసీని మాత్రం, పరాయి పరిశీలకుల మనిషి కదా అని, విదేశాంగ శాఖవాళ్ళు క్షమాపణలు చెప్పి, తలకు కట్టు కట్టించి విమానం ఎక్కించారు. తర్వాత అతను అక్క వైపు తిరిగాడు. రూళ్ళకర్ర గోళ్ళరంగు సంగతి కూడా చెప్పేశాడు, మొట్టమొదట అదే చెప్పాడు. విచారణ తేలేదాకా ఆమె సస్పెన్షన్లో ఉన్నట్టే. ఇక ముందు కట్టబోయేవాటికి క్వాలిటీ చూసే పని ఒక పరాయి కంపెనీకి ఇస్తారట. పొరుగు దేశపు కంపెనీయే, చాలా అనుభవం ఉన్నవాళ్ళట. ఇంత చెప్పి అతను తలుపు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

అక్క చీర కొంగుతో వేలికంటిన ఎర్రరంగు తుడుచుకుంటోంది, అది పోవడం లేదు. తమ్ముడికి ఆమె కాళ్ళ మీద పడాలనిపించింది. చిన్నప్పుడైతే పడేవాడే. ఆమెను కాపాడాననుకున్నాడు. తీరా చూస్తే ఉరి తప్పించి ఉద్యోగం పోగొట్టాడు. ఆ ఉద్యోగం తప్ప ఆమెకు వేరే బతుకు లేదని అతనికంటే బాగా తెలిసినవాళ్ళు లేరు.

లోపల ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. తర్వాత స్పీకర్లో గరగర, ఆ గరగర మధ్యలోంచి సన్నగా, తడబడుతూ, మళ్ళీ మళ్ళీ ఒకే కూత. లోపల కుర్చీలు వెనక్కి పడ్డాయి, జనం చప్పట్లు కొట్టారు, ఎవరో బావురుమన్నారు. వరండాలో ఇద్దరూ కదలకుండా ఆ కూత విన్నారు. అక్క కళ్ళు మూసుకుంది. నీళ్ళు చెంపల మీదికి జారుతున్నా తుడుచుకోలేదు.

కూత దూరమై ఆగిపోయాక ఆమె తమ్ముడి వైపు తిరిగింది.

“ఇంట్లో మైకు కూడా పెట్టావా?”

అతను తలూపాడు.

“ఇన్నాళ్ళూ ఎదురుగా ఆ సోఫాల వ్యాన్లోనే కూర్చుని విన్నావా?”

మళ్ళీ తలూపాడు.

“ఒక్క పూటైనా లోపలికొచ్చి, అక్కా, అన్నం పెట్టు అని అడగాలనిపించలేదా?”

ఎంతటివాళ్ళు ఎంత గుచ్చి గుచ్చి అడిగినా నోరు విప్పకుండా ఉండడానికి డిపార్ట్‌మెంట్ అతనికి చాలా ఖర్చుపెట్టి శిక్షణ ఇప్పించింది. ఇంత సర్వీసులో దాని అవసరం పడింది అదే మొదటిసారి.